ఆ కార్బైన్‌కు మెరుగు పెట్టకండి

పాత సామాన్ల దుకాణంలోనో, ఎవరింటి హాల్లో గోడమీదో అద్దంలా మెరిసే స్నైడర్ కార్బైన్, అంటే పాత బ్రిటిష్ సైనిక తుపాకీ, కనిపిస్తే చూసేవాళ్ల కళ్లు జిగేల్‌మంటాయి. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. నూటయాభై ఏళ్ల ఇనుము దానంతటది అలా మెరవదు. మెరుస్తోందంటే ఎవరో దాన్ని మెరుగు పెట్టే బఫింగ్ చక్రానికి పట్టారు. చక్రం తుప్పు ఒక్కటే తియ్యదు. కిరీటం ముద్ర, తయారైన ఏడు, పరీక్షాధికారి గుర్తు, భుజానికి ఆనే మడమ పలకమీద పటాలం కొట్టుకున్న నంబరు, అన్నిటినీ కొంచెం కొంచెంగా గీకేస్తుంది. చివరికి మిగిలేది తుపాకీ ఆకారంలో ఉన్న ఇనుప ముక్క.

చెన్నైలో, బెంగళూరులో పాత సైనిక కార్బైన్లు సేకరిస్తున్న మన తెలుగువాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మెరుగు పెట్టినదాన్ని కొనకండి, మీ దగ్గరున్నదానికి మెరుగు పెట్టకండి. ఇది అందచందాల గొడవ కాదు. ఆ వస్తువు ఏమిటో, ఏ కాలానిదో, ఎవరి చేతుల్లో తిరిగిందో చెప్పే ఆధారం దాని ఒంటిమీదున్న ముద్రలే. మన దేశంలో చట్టం ముందు మిమ్మల్ని కాపాడేవీ అవే.

కార్బైన్ అంటే గుర్రపు దళానికీ ఫిరంగి దళానికీ పొట్టిగా చేసిన తుపాకీ. గుర్రం మీద కూర్చుని గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించడం నరకం. అందుకే వెనకనుంచి తూటా పెట్టే పద్ధతి మీద అందరికన్నా ముందు ఆశ పెట్టుకున్నది రౌతులే. బ్రిటిష్ ప్రభుత్వం అమెరికా నుంచి 6,000 షార్ప్స్ కార్బైన్లు తెప్పించింది. 1857 తిరుగుబాటు రోజుల్లో వాటిని మన గడ్డమీద వాడారు. తర్వాత వెస్ట్లీ రిచర్డ్స్ వాళ్ల 'మంకీ టెయిల్' వచ్చింది. దాని పైన తోకలాంటి పొడవాటి పట్టీని ఎత్తితే బ్రీచ్, అంటే గొట్టం వెనక తూటా పెట్టే చోటు, తెరుచుకుంటుంది. కాగితపు తూటా లోపల పెట్టాలి, పేల్చే క్యాపు మాత్రం బయట వేరేగా పెట్టాలి. 1866లో స్నైడర్, 1871లో మార్టినీ-హెన్రీ వచ్చాయి. మార్టినీలో గుర్రపు దళం కార్బైన్‌ను 1877లో ఆమోదించారు, ఫిరంగి దళం కార్బైన్ ఆ వెంటనే వచ్చింది. దక్షిణాదిలో సేకరించేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేవి స్నైడర్, మార్టినీ రెండే కాబట్టి ఇకమీద వాటి సంగతే చెబుతాను.

ముందు మన చరిత్ర కొంచెం చెప్పాలి. 1857 తర్వాత తెల్ల సిపాయిల చేతిలో ఉన్న ఆయుధానికన్నా ఒక తరం వెనకబడినదే నల్ల సిపాయికి ఇచ్చేవారు. తెల్ల దళాలు మార్టినీకి మారాక మనవాళ్లకు స్నైడర్ వచ్చింది. వాళ్లు లీ-మెట్‌ఫర్డ్ పట్టుకున్నాక మనవాళ్లకు మార్టినీ వచ్చింది. పటాలాలు వదిలేసినవి పోలీసు ఠాణాలకూ, దొరల వాలంటీరు దళాలకూ దిగాయి. 1878లో వైస్రాయ్ లిట్టన్ ఆయుధ చట్టం తెచ్చాక మామూలు జనానికి లైసెన్సు లేకుండా తుపాకీ ముట్టుకునే వీలే లేకపోయింది. కాబట్టి మద్రాసు ప్రెసిడెన్సీలో తిరిగిన ప్రతి కార్బైన్ వెనకా ఒక దళమో, ఠాణానో, పరపతి ఉన్న జమీందారీ ఇల్లో ఉంటుంది.

అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి పట్టుకుపోయినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు అని మనం చిన్నప్పటినుంచీ చదువుకున్నాం. అలాంటి ఠాణాలో ఉన్న ఒక తుపాకీ ఈరోజు ఎవరి అటకమీదనుంచో బయటపడిందనుకోండి. అది ఫలానా ఠాణాదని చెప్పగలిగేది మడమ పలకమీద కొట్టిన నాలుగు అక్షరాలు, ఒక అంకె మాత్రమే. వాటిని ఇత్తడి పాలిష్‌తో అరగదీసి 'ఎంత శుభ్రంగా ఉందో చూడండి' అంటే ఇంకేం మాట్లాడతాం?

స్నైడర్‌ను చేతిలోకి తీసుకుని చూద్దాం. ఏ తుపాకీనైనా ముట్టుకోగానే చెయ్యాల్సిన మొదటి పని ఒకటుంది. మూతి మనుషులు లేని వైపు పెట్టి బ్రీచ్ తెరిచి చూడాలి. స్నైడర్‌లో హ్యామర్ అనే సుత్తిని సగం వరకు లాగి ఆపి, బ్రీచ్‌ను మూసే బ్లాకుకు ఎడమవైపున్న బొటనవేలి పట్టును ఎత్తి కుడివైపుకు తిప్పాలి. తిరిగిన బ్లాకును అలాగే వెనక్కి లాగితే, లోపల ఖాళీ తూటా ఉంటే దాన్ని కూడా లాక్కొస్తుంది. సిపాయి అప్పుడు తుపాకీని పక్కకు బోర్లించి దాన్ని కింద పడేసేవాడు. మార్టినీలో ట్రిగ్గర్ వెనకున్న లీవరును కిందికి లాగితే బ్లాకు ముందు భాగం దిగి, గొట్టం వెనక భాగం కనిపిస్తుంది. లోపల తూటా ఇరుక్కుని ఉంటే కడ్డీతో పొడవొద్దు, నూనె పోసి కొట్టొద్దు. పొడిగా ఉన్న నల్లమందు వందేళ్లైనా చావదు. అలాంటిదాన్ని లైసెన్సున్న ఆయుధ వ్యాపారికి గానీ పోలీసులకు గానీ ఉన్నది ఉన్నట్టుగా అప్పగించాలి.

స్నైడర్ లాక్ పలకమీద, అంటే హ్యామర్ బిగించిన ఇనుప పలకమీద, హ్యామర్ వెనక కిరీటం, దాని కింద విక్టోరియా రాణికి గుర్తుగా వి.ఆర్. అక్షరాలు ఉంటాయి. హ్యామర్ ముందు తయారైన ఏడు, ఎన్‌ఫీల్డ్ (ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ కార్ఖానా) అనో టవర్ అనో పేరు ఉంటాయి. ఇక్కడ కొత్తవాళ్లు ఒకచోట తడబడతారు. లాక్ మీద 1862 అని ఉండి, స్నైడర్ వచ్చింది 1866లో అని తెలిస్తే 'ఇది నకిలీ' అని పక్కన పెట్టేస్తారు. అది నకిలీ కాదు. మూతిలోంచి మందు పోసే పాత 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌ల వెనక భాగం కోసేసి, జేకబ్ స్నైడర్ బ్రీచ్ తగిలించి మార్చినవే మొదటి స్నైడర్లు. పాత లాక్ అలాగే ఉండిపోయింది. కాబట్టి చూడాల్సింది లాక్ మీద ఏడు ఒక్కటే కాదు, బ్రీచ్ మీద ఉన్న మార్క్ నంబరు, అంటే నమూనాలో ఎన్నో సవరణో చెప్పే అంకె కూడా. రెండో మార్క్ పక్కన ఒక నక్షత్రం గుర్తో రెండు నక్షత్రాలో ఉండొచ్చు. మూడో మార్క్‌లో బ్లాకును పట్టి ఉంచే స్ప్రింగు గొళ్లెం, దాన్ని నొక్కడానికి ఎడమవైపు చిన్న బొత్తం ఉంటాయి. ముందు మార్కుల్లో ఈ గొళ్లెం లేదు. బ్లాకు అరిగినవాటిలో పేల్చినప్పుడు అది తెరుచుకునేది. గొళ్లెం పెట్టింది అందుకే. గొళ్లెం ఉన్న బ్లాకు, మార్క్ రెండు బ్రీచ్ కలిసి కనిపిస్తే మధ్యలో ఎవరో భాగాలు కలిపారని అర్థం.

గుర్రపు దళం స్నైడర్ గొట్టం 19¼ అంగుళాలు, అంటే దాదాపు 48.9 సెంటీమీటర్లు. ఫిరంగి దళానిది 21½ అంగుళాలు. బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, .577 అంగుళాలు, మూతి దగ్గర వెర్నియర్ కొలత పరికరం పెడితే 14.7 మిల్లీమీటర్ల చుట్టుపక్కల రావాలి. లోపల గాళ్లు (గుండును గిర్రున తిప్పే మెలికల గీతలు) లేకుండా నునుపుగా ఉండి 16.6 మిల్లీమీటర్ల దాకా వస్తే, అది దేశీ దళాలకు గాళ్లు లేకుండా చేయించిన రకం కావచ్చు. దాన్ని 'పాడైపోయిన బోరు' అని తక్కువ చేసి చూడకండి. తిరుగుబాటు తర్వాత మన సిపాయిల చేతికి గురి తప్పే తుపాకీ ఇవ్వాలన్న నిర్ణయం ఆ నునుపులోనే ఉంది. అయితే చట్టంలో దాని సంగతి వేరు, ఆ మాట తర్వాత చెబుతాను.

మార్టినీలో ముఖ్యమైన ముద్రలన్నీ బాడీ (బ్లాకు ఉండే ఇనుప పెట్టె) కుడి పక్కన ఒకే చోట, వరసగా ఉంటాయి. కిరీటం, వి.ఆర్., తయారీ చోటు, తయారైన ఏడు, తరగతి. దాని కింద గుర్రపు దళం కార్బైన్ అయితే ఐ.సి.1, ఫిరంగి దళం కార్బైన్ అయితే ఎ.సి.1. గొట్టం 21⅜ అంగుళాలు, దాదాపు 54.3 సెంటీమీటర్లు. అసలు రైఫిల్ గొట్టం 33 అంగుళాలకు పైనే. రైఫిల్‌ను కోసి 'కార్బైన్' అని అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. బాడీ మీద ఐ.సి. గానీ ఎ.సి. గానీ లేకుండా ఒట్టి రెండు, మూడు అని మార్క్ అంకె ఉంటే కొలత పట్టీ తియ్యకముందే అనుమానించాలి. కోసిన గొట్టం మూతి దగ్గర మందంగా ఉంటుంది, ఎందుకంటే రైఫిల్ గొట్టం ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది, మధ్యలో కోస్తే ఆ సన్నదనం రాదు. ముందు గురిచూపు చుట్టూ ఇత్తడి అతుకు రంగు కనిపిస్తుంది.

కార్బైన్ పొట్టిది, తేలికైనది కాబట్టి రైఫిల్ తూటా పేలిస్తే భుజం విరిగినంత దెబ్బ. అందుకే రైఫిల్‌కు 480 గ్రెయిన్ల గుండు, 85 గ్రెయిన్ల మందు ఉంటే, కార్బైన్‌కు 410 గ్రెయిన్ల గుండు, 70 గ్రెయిన్ల మందుతో వేరే తూటా చేశారు. గ్రాముల్లో గుండు 31 నుంచి 26.6కు, మందు 5.5 నుంచి 4.5కు తగ్గాయి. ఖాళీ తూటాలు సేకరించేవాళ్లు ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి.

ముద్రల్లో ఇంకొన్ని తెలిసి ఉండాలి. బాణం గుర్తు ప్రభుత్వ ఆస్తి. దాని కింద ఇంగ్లిషు ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు బాణాలు మొనకు మొన ఎదురెదురుగా ఉంటే సర్వీసు నుంచి తీసేసి అమ్మినది. డి.పి. అని ఉంటే కవాతుకు మాత్రమే, పేల్చడానికి కాదు. చెక్కమీద గుండ్రటి ముద్రలో ఉన్న అక్షరాలు కూడా ఇలాగే మాట్లాడతాయి, కాకపోతే చెక్కమీద ముద్ర లోతు తక్కువ. ఉప్పు కాగితం రెండుసార్లు తగిలితే చాలు, పోతుంది.

వాయవ్య సరిహద్దులో, ఇప్పటి పాకిస్థాన్‌లోని డర్రా ఆదం ఖేల్ లాంటి చోట్ల, చేత్తో చేసిన మార్టినీ నకళ్లు కూడా తిరుగుతుంటాయి. ఆ కమ్మరుల పనితనం తక్కువది కాదు, దాన్ని దానిగా సేకరిస్తే గొప్పదే. దానికి ఎన్‌ఫీల్డ్ ధర ఇవ్వడమే పొరపాటు. అసలు ముద్రలో పేరు మొత్తం ఒకే అచ్చుతో పడుతుంది, నకలులో ఒక్కో అక్షరం విడిగా కొట్టింది కాబట్టి వరస ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, ఎన్‌ఫీల్డ్‌లో అక్షరాలు అటూ ఇటూ మారతాయి. విక్టోరియా రాణి 1901 జనవరిలో పోయింది. వి.ఆర్. కింద 1907 అని ఉంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. ఇక్కడ కూడా నా గోడు అదే. నకిలీని పట్టించేది ముద్ర అంచు, దాని లోతు. బఫింగ్ చేసినదాంట్లో అసలు ముద్రా నకలు ముద్రా ఒకేలా మసకబారి కనిపిస్తాయి. దొంగ సరుకు అమ్మేవాడికి బఫింగ్ చక్రం కన్నా మంచి నేస్తం లేదు.

మెరుగు పెట్టారో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. చీకటి గదిలో టార్చిని పలకకు దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. చదునుగా ఉండాల్సిన పలకమీద వెలుగు నీళ్లమీదలా అలలు అలలుగా సాగితే చక్రం తిరిగినట్టే. స్క్రూ రంధ్రాల అంచులు గిన్నెలా గుంటపడి ఉంటాయి. అక్షరాల్లో ఒక పక్క లోతుగా, ఇంకో పక్క కనీకనిపించకుండా ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు లోహం పక్కన చెక్క పిసరంత ఎత్తుగా ఉంటుంది. వేలు అడ్డంగా రాస్తే తగులుతుంది. చెక్క లోహంకన్నా కిందికి దిగిపోయి ఉంటే ఎవరో చెక్కను బాగా గీకారు. ఇవన్నీ చూడటం అలవాటు కావాలంటే చెన్నై ఎగ్మూరులో పాంథియన్ రోడ్డు మ్యూజియం ఆయుధాల గ్యాలరీలోనూ, సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియంలోనూ నాలుగైదుసార్లు నింపాదిగా తిరగాలి. అద్దం వెనకున్నా పాత లోహపు రంగు ఎలా ఉంటుందో కంటికి పడుతుంది. ఆ రంగు కంటికి పట్టాక దుకాణంలో మోసపోవడం తగ్గుతుంది.

'సిపాయిలే రోజూ రుద్ది మెరిపించేవాళ్లు కదా, మేం చేస్తే తప్పేంటి?' అని అడుగుతారు. నిజమే, సిపాయి రుద్దాడు. కానీ అతని అరుగుదల అతని పనిలో భాగం. చెయ్యి పట్టే చోట, తోలు సంచీ రాసుకునే చోట, మడమ నేలకు తగిలే చోట అరుగుతుంది. ఆ అరుగుదల చూసి ఆ తుపాకీ గుర్రం మీద తిరిగిందో ఠాణా గోడకు ఆనుకుని ఉందో చెప్పొచ్చు. చక్రం అన్నిచోట్లా సమానంగా తినేసి ఈ కథనంతా చెరిపేస్తుంది. పైగా ఈ గొట్టాలు చాలావరకు ముదురు రంగు వచ్చేలా పనిగట్టుకుని చేసినవి. తెల్లగా మెరిసే గొట్టం ఈ కార్బైన్ల అసలు రూపం కాదు.

'మరి తుప్పు తినేస్తుంటే చూస్తూ కూర్చోమంటారా?' అన్నది న్యాయమైన ప్రశ్న. వద్దు. తుప్పును ఆపాలి, పాత గోధుమ పొరను ఉంచాలి. రెండూ వేరు. వేలికి నారింజ రంగు పొడి అంటితే అది బతికున్న తుప్పు. వేలికి ఏమీ అంటకుండా ముదురు చాక్లెట్ రంగులో గట్టిగా ఉంటే అది నిలకడైన పొర, దాని జోలికి వెళ్లొద్దు. బతికున్న తుప్పు ఉన్నచోట పల్చటి మెషిన్ నూనె పెట్టి ఒక రాత్రి నాననివ్వండి. మర్నాడు అన్నిటికన్నా సన్నదైన, నాలుగు సున్నాల ఉక్కు ఊలును ఉల్లిపాయంత కూడా కాదు, గోలీకాయంత తీసుకుని, నూనె తడి ఉండగానే, రెండు వేళ్ల బరువుతో మాత్రమే రుద్దాలి. నారింజ బురద వస్తుంది. మెత్తటి నూలు గుడ్డతో తుడిచి మళ్లీ చూడాలి. గోధుమ పొర కిందనుంచి తెల్ల ఇనుము తొంగిచూసిందంటే మీరు హద్దు దాటారు, ఆపెయ్యండి. ముద్రల మీద ఉక్కు ఊలు అసలు వాడొద్దు. వెదురు పుల్ల మొన చెక్కి, నూనెలో ముంచి, అక్షరం లోపలి బురదను ఒక్కొక్క గీతగా తియ్యాలి. పని పూర్తయ్యాక నూనెనంతా వైట్ స్పిరిట్‌తో తుడిచి, ఆరాక, మ్యూజియం వాళ్లు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాసి, పది నిమిషాలాగి గుడ్డతో రుద్దితే చాలు. ఎక్కువ రాస్తే మూలల్లో తెల్లగా గడ్డకట్టి ముద్రలను పూడ్చేస్తుంది.

మన ఇళ్లలో చేతికందేవాటిలో చాలావరకు చెరుపు చేసేవే. చింతపండు, నిమ్మకాయ రుద్దితే ఆమ్లం గోధుమ పొరను కరిగించి గుంటల్లో ఉండిపోతుంది, వారం తిరిగేసరికి కొత్త తుప్పు పుడుతుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకు చిక్కబడి, పులిసి, జిగురై దుమ్మును పట్టుకుంటుంది. స్ప్రే డబ్బాల్లో వచ్చే నూనెలు తేమను తరమడానికి మంచివే గానీ, వాటినే నెలల తరబడి వదిలేస్తే మార్టినీ లోపలి స్ప్రింగు చుట్టూ పసుపు వార్నిష్‌లా అట్టకడతాయి. పోయిన నలుపు మళ్లీ తెస్తామని చల్లగా పూసే రసాయనాలు నీలి మచ్చలు మిగులుస్తాయి.

ఇత్తడి మడమ పలకకు అమోనియా ఉన్న పాలిష్ వద్దు. దీనికి ఒక కథ ఉంది, అది మన దేశానిదే. వానాకాలంలో తూటాల పెట్టెలను గుర్రపు సాలల్లో దాచేవారు. వానలు తగ్గి తీసి చూస్తే ఇత్తడి తూటాలు నిలువునా పగిలి ఉండేవి. గుర్రపు మూత్రంలోంచి వచ్చే అమోనియా, తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు కలిసి పగలగొడుతున్నాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. పాత ఖాళీ తూటాలు సేకరించేవాళ్లకు ఇది నేరుగా వర్తిస్తుంది. అమోనియా ఉన్న గాజు తుడిచే ద్రవం లాంటివి ఉంచే అలమారులో వాటిని పెట్టకండి.

స్క్రూల దగ్గర తొందర పనికిరాదు. బజారులో దొరికే స్క్రూడ్రైవర్ మొన ఉలిలా ఏటవాలుగా ఉంటుంది, గాటులో పైన మాత్రమే పట్టి జారిపోతుంది. జారిన ప్రతిసారీ గాటు అంచు లేస్తుంది. మొనను గాటు అడుగుదాకా సరిగ్గా, పక్కలు సమాంతరంగా ఉండేలా సానబట్టించి వాడాలి. కదలని స్క్రూకు చొచ్చుకుపోయే నూనె వేసి రెండు రోజులు వదిలెయ్యండి. అప్పటికీ కదలకపోతే దాన్ని అలాగే ఉండనివ్వండి. లోపల ఏముందో చూడాలన్న ఆత్రంతో విరగ్గొట్టిన స్క్రూ తిరిగి రాదు.

చెన్నై గాలి లోహానికి శత్రువు. ఉప్పు, తేమ, ఐప్పసి మాసం (అక్టోబరు-నవంబరు) వానలు. బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉండటంవల్ల కొంత నయం, అయినా జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడా జాగ్రత్త తప్పదు. కార్బైన్‌ను బయటి గోడకు మేకులు కొట్టి తగిలించడం చెన్నైలో చెయ్యకూడని పని. నవంబరులో ఇటుక గోడ చెమరుస్తుంది, గోడవైపు ఉన్న పక్క మీకు తెలియకుండా తుప్పు పడుతుంది. రాత్రి ఏసీ వేసి పొద్దున ఆపే పడగ్గది ఇంకా ప్రమాదం. చల్లబడిన ఇనుము మీద పగటి తేమ నీళ్లై నిలుస్తుంది. తోలు, రెగ్జిన్ సంచులు వద్దు. తోలులోని ఆమ్లాలు, రెగ్జిన్‌లోని క్లోరిన్ లోహాన్ని తింటాయి. వార్తాపత్రిక కాగితం కూడా ఆమ్లమే.

గాలి చొరబడని మూత ఉన్న పొడవాటి ప్లాస్టిక్ పెట్టె, 110 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 18 లోతు ఉంటే దాదాపు 50 లీటర్లు. మార్టినీ కార్బైన్ మొత్తం పొడవు 96 సెంటీమీటర్ల లోపే కాబట్టి సరిపోతుంది. అందులో ఉతికిన నూలు గుడ్డ పరిచి, ఒక కిలో సిలికా జెల్ పెట్టండి. నారింజ రంగుది తీసుకుంటే తేమ పట్టినప్పుడు రంగు మారి తెలుస్తుంది. మారాక 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. లోపల చిన్న తేమ మీటరు తప్పనిసరి. 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. ఎండితే మంచిదే కదా అని 20 శాతానికి దించేస్తే వాల్‌నట్ చెక్క కుంచించుకుపోయి లాక్ పలక పక్కన పగులుతుంది. అంకె 40 దాటి కిందికి దిగితే సగం జెల్ బయటికి తీసెయ్యండి. చెక్కలో గుండుసూది మొనంత రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుప్పి పురుగు పట్టింది. లోహం విప్పేసి, చెక్కను మాత్రం పాలిథిన్‌లో గాలి లేకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా చుట్టిన కవరు విప్పకూడదు, విప్పితే చెక్క మీద నీళ్లు దిగుతాయి.

ఇక చట్టం. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు, పురాతన విలువ ఉన్న ఆయుధాలకు మినహాయింపు ఉందని చాలామంది సగం చదివి ఊరుకుంటారు. మిగతా సగం చదవండి. మరమ్మతు చేసినా చెయ్యకపోయినా పేల్చడానికి వీల్లేనిదై ఉండాలి అని ఉంది. తూటాలు దొరకవు అన్నది మినహాయింపు కాదు. పనిచేసే స్థితిలో ఉన్న మార్టినీ చట్టం కళ్లకు తుపాకీయే. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ నియమాలను సవరించి, క్యూరియో, అంటే అరుదైన పాత వస్తువుల వర్గంలోకి వచ్చే చిన్న ఆయుధాలను కొనడానికీ ఉంచుకోవడానికీ భారతీయులకు లైసెన్సు అక్కర్లేదని చెప్పింది. అయితే వాడటానికి, మోసుకెళ్లడానికి, ఒకచోటునుంచి ఇంకోచోటికి తరలించడానికి లైసెన్సు కావాలి. అంటే దుకాణంనుంచి ఇంటికి తేవడం కూడా తరలింపే. అందుకే కొనే ముందు లైసెన్సు అధికారి దగ్గర, చెన్నైలోనూ బెంగళూరులోనూ పోలీస్ కమిషనర్ ఆఫీసులో, ఈ వస్తువు ఏ వర్గంలోకి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చెల్లదు.

ఆ రాతకు మీరు చూపించాల్సింది ఏమిటి? వయసు. వయసుకు రుజువు ఏమిటి? కిరీటం కింద ఉన్న ఏడు. అది అరిగిపోయిన తుపాకీని పట్టుకుని 'ఇది 1880 నాటిదండీ' అంటే అధికారి ఎందుకు నమ్మాలి? పాత లైసెన్సుల్లో చాలాసార్లు 'పాత తుపాకీ, ఒకటి' అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఆ రాత ఈ వస్తువుదే అని కలపగలిగేది నంబరు, ముద్ర. అవి లేకపోతే తాతగారి తుపాకీ కూడా అనుమానపు సొత్తు అవుతుంది. 45వ సెక్షన్ కింద చేర్చాలని గొట్టంలో వెల్డింగ్ చేయించేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. క్యూరియో దారి ఉండగా, నూటనలభై ఏళ్లు నిలిచిన గొట్టాన్ని వెల్డింగ్ రాడ్డుతో చంపడం అన్యాయం.

రెండు రకాలకు మాత్రం దూరంగా ఉండమంటాను. .303కు మార్చిన మార్టినీలు, ఎందుకంటే అవి సైన్యం, పోలీసుల సర్వీసు తూటా పట్టే బోరు. రెండోది 20 అంగుళాలకన్నా పొట్టిగా ఉన్న నునుపు గొట్టాలు, ఎందుకంటే ఆయుధ నియమాల్లో వాటికి వేరే కఠినమైన వర్గం ఉంది. గుర్రపు దళం నునుపు గొట్టం స్నైడర్ 19¼ అంగుళాలతో ఆ గీతకు ముప్పాతిక అంగుళం కింద పడుతుంది. దాన్ని మ్యూజియంలో చూడండి, ఇంట్లో వద్దు. నూరేళ్లు దాటిన ఇలాంటి చారిత్రక వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది కాబట్టి విదేశాల్లో ఉన్న బంధువుకు పంపుదామన్న ఆలోచన కూడా వద్దు.

వారసత్వంగా వచ్చినవి ఉన్న ఇళ్లకు చివరగా ఒక మాట. లైసెన్సు ఉన్న పెద్దాయన పోతే, తుపాకీని ఆలస్యం చెయ్యకుండా దగ్గరి ఠాణాలోనో లైసెన్సున్న వ్యాపారి దగ్గరో డిపాజిట్ చెయ్యాలి. వారసుడు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణ తర్వాత వారసత్వమైనా సరే మనిషికి రెండు తుపాకులకు మించకూడదు. డిపాజిట్‌కు వెళ్లే ముందు రోజు పైన చెప్పినట్టు మైనం రాయండి, ఎందుకంటే స్టోరుగదిలో ఎన్ని వానాకాలాలు గడుస్తాయో చెప్పలేం. పల్చటి కాగితం ముద్ర మీద పరిచి, మెత్తటి పెన్సిల్‌తో రుద్ది అచ్చులు తీసుకోండి, పక్క వెలుగులో ఫోటోలు తియ్యండి. అక్కడ ఇచ్చే రసీదులో 'పాత తుపాకీ' అని రాస్తే ఒప్పుకోకండి. లాక్ మీద తయారైన ఏడు, తయారీ పేరు, మార్క్, గొట్టం పొడవు, మూతి కొలత, మడమ పలకమీద ఉన్న అక్షరాలూ అంకెలూ, గొట్టం కింద నంబరు ఉంటే అదీ, అన్నీ రసీదులో ఎక్కించమని అడగండి. అచ్చు తీసిన కాగితం ఒక నకలు రసీదుకు పిన్ను చేయించి, రెండోది మీ దగ్గర ఉంచుకోండి. వెనక్కి తెచ్చుకునే రోజున ఆ కాగితం పక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.